టెక్ సందేహాలు: 26 గడుల్లో తెలుగు పేరు పట్టదు

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా ఊళ్ళో మందుల షాపు కోసం సీ ప్లస్ ప్లస్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశాను. కస్టమర్ పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు కొడితే ట్రైలో (పేర్లను అక్షరం తరవాత అక్షరంగా కొమ్మల్లా దాచే నిర్మాణం) వెతికి మిగతా పేరు చూపిస్తుంది. ఇంగ్లిష్ పేర్లకు బాగా పనిచేస్తోంది. తెలుగు పేరు ఎక్కిస్తే ఒక్కోసారి ఆగిపోతోంది, ఒక్కోసారి ఏమీ కానట్టే నడుస్తోంది. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ పాడైందా సార్?

జవాబు: ర్యామ్ బాగానే ఉంది. ఇదే ఫిర్యాదు ఎన్నిసార్లు వచ్చిందో! మీ కోడ్ చూడకుండానే తప్పు ఎక్కడుందో చెప్పగలను. ట్రైలోని ప్రతి నోడ్‌లో (కొమ్మలు చీలే చోటు) ఇంగ్లిష్ అక్షరానికొకటి చొప్పున 26 గడుల అర్రే (వరస) పెట్టి, అక్షరం విలువలోంచి ఇంగ్లిష్ చిన్న 'ఎ' విలువ 97 తీసేసి, మిగిలినదాన్ని ఇండెక్స్‌గా (గడి నంబరుగా) వాడి ఉంటారు.

అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కు (అక్షరానికి, గుర్తుకు యూనికోడ్ ఇచ్చే సంఖ్య) మూడు బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ 224. మామూలు ల్యాప్‌టాప్‌లో 'చార్' (సీ ప్లస్ ప్లస్‌లో ఒక బైటు పట్టే రకం) సైన్డ్, అంటే మైనస్ విలువలూ పట్టేది కాబట్టి అది -32 అవుతుంది. అందులోంచి 97 తీస్తే -129. అంటే అర్రే మొదలుకు 129 గడుల వెనక ఉన్న మెమరీని మీ ప్రోగ్రామ్ తాకుతోంది.

ప్రోగ్రామ్ ఆగిపోతే మంచిదే, తప్పు బయటపడుతుంది. ఏమీ కానట్టు నడిచినప్పుడే నాకు టెన్షన్. అక్కడ వేరే కస్టమర్ నోడ్ ఉండొచ్చు, ఇంకేదైనా డేటా ఉండొచ్చు. దాని మీద మీ ప్రోగ్రామ్ ఒక పాయింటర్ (మరో నోడ్ చిరునామా) రాసేసి ముందుకు పోయింది. పైగా ఎక్కడ రాయాలన్నది నిర్ణయించేది మీరు కాదు, పేరు టైపు చేసే మనిషి. రేపు ఇదే కోడ్‌ను ఆన్‌లైన్ ఫారమ్ వెనక పెడితే, దాడి చేసేవాడికి తాళంచెవి చేతికిచ్చినట్టే. జావాలో మెమరీ చెడదు. కానీ 'క' విలువ 3093, అందులో 97 పోతే 2996. అలాంటి గడి లేదు కాబట్టి ఎక్సెప్షన్ (తప్పు జరిగిందనే సంకేతం) వస్తుంది, దాన్ని పట్టుకోకపోతే ఒక్క పేరుతో పని ఆగుతుంది.

దీనికి చాలామంది చేసే మరమ్మతు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. 'పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయండి' అని ఫారమ్ మీద ఒక వాక్యం పెట్టి చేతులు దులుపుకుంటారు. మందుల చీటీ పట్టుకుని వచ్చిన పెద్దాయన తన పేరు తాను రాసుకోలేకపోవడానికి కారణం, ఎవరో పాఠంలో సౌకర్యం కోసం వేసుకున్న 26. ఎడ్వర్డ్ ఫ్రెడ్కిన్ 1960లో 'రిట్రీవల్' అనే మాటలోంచి ట్రై అని పేరు పెట్టాడు. ఆ నిర్మాణానికి 26 అనే హద్దు ఏమీ లేదు. పాఠాలు చెప్పేవాళ్ళు మొదటి ఉదాహరణలోనే ఒక తెలుగు పేరు ఎందుకు పెట్టరు?

మీ కోడ్ సంగతి. అర్రే తీసేసి, కోడ్‌పాయింట్ కీగా మ్యాప్ (కీ ఇస్తే దానికి చెందినదాన్ని తెచ్చే పట్టిక) పెట్టండి. బైటు విలువకొకటి చొప్పున 256 గడుల అర్రే కూడా పనిచేస్తుంది కానీ పాయింటర్లకే నోడ్‌కు 2048 బైట్లు పోతాయి. పేరు పొడవుకు పరిమితి పెట్టండి. ఎక్కించేముందు, వెతికేముందు కూడా ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఒకే అక్షరాన్ని రాసే వేర్వేరు కోడ్ వరసలను ఒకే రూపానికి తేవడం) చేయండి. ఎందుకంటే 'శైలజ'లో ఐత్వం ఒకే కోడ్‌గా రావచ్చు, ఎత్వానికి ఇంకో గుర్తు కలిపి రెండు కోడ్‌లుగా కూడా రావచ్చు. కంటికి రెండూ ఒకటే, ట్రైలో మాత్రం రెండు వేర్వేరు కొమ్మలు. 'రామ్‌కుమార్' మధ్యలో కనబడకుండా కూర్చునే జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను (అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) వెతికే కీలోంచి తీసేయండి, తెర మీద చూపించే పేరులో ఉంచండి.

'రమ' కొడితే 'రమ్య' కూడా వస్తుంది. అది తప్పని కొందరంటారు, నేనైతే ఉండనిమ్మంటాను. 'మ్య' టైపు చేసేవాళ్ళు ముందు 'మ' కొట్టే కదా వెళ్ళేది.

ఇవన్నీ మార్చాక శైలజను రెండు రకాలుగానూ ఎక్కించి, 'శై' కొట్టి చూడండి. జాబితాలో ఒక్క శైలజే కనబడాలి.