ఇటీవలి ఫాంటసీ నవలలు: పదో తరగతి అమ్మాయికి ఏవి ఇవ్వవచ్చు, ఏవి ఆపాలి

మీ అమ్మాయి పదో తరగతిలో ఉన్నదనీ, గుంటూరులో బడి నుంచి ఇంటికి రాగానే ఇంగ్లీషు ఫాంటసీ నవలలలో మునిగిపోతున్నదనీ, వాటిలో ఆమె వయసుకు తగినవేవో, అసలు వాటివల్ల ప్రయోజనం ఉన్నదో లేదో చెప్పమనీ అడిగారు. నేను విజయవాడలో ఉంటాను. మా అక్క కూతురు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి నుంచి ఆమె చదివిన నవలలను ఆమె తరువాత నేనూ చదువుతూ వస్తున్నాను కనుక, ఈ మాటలు విని చెప్పేవి కావు. నా అభిప్రాయంలో ప్రయోజనం తప్పకుండా ఉన్నది. కానీ పుస్తకాన్ని ఎంచుకోవడంలోనే అంతా ఉన్నది. డ్రాగన్లూ మాయాద్వారాలూ మంత్రకత్తులూ అన్నిటిలోనూ ఉంటాయి. ఆ మాయ వెనుక ఉన్న భయం పిల్లలకు నిజజీవితంలో తెలిసిన భయమేనా, లేక కథ రక్తి కట్టడానికి పైపైన పూసినదా అన్నది నేను ముందుగా చూస్తాను.

ఈ తేడా తెలియాలంటే రెండు నవలలను పక్కపక్కన పెట్టి చూడాలి. రెండింటిలోనూ కథ జరిగేది చదువుకొనే చోటే. రెండింటిలోనూ వెనుకబడినవారికి చావు తప్పదు. మొదటిది నయోమీ నోవిక్ 2020లో ప్రచురించిన ‘ఎ డెడ్లీ ఎడ్యుకేషన్’. ఇందులోని స్కోలోమాన్స్ అనే మాంత్రిక పాఠశాలలో ఉపాధ్యాయులు ఉండరు, సెలవులు ఉండవు, ఇంటికి ఫోను చేసే వీలు లేదు. గొట్టాలలో నుంచీ గోడల సందులలో నుంచీ రాక్షస జీవులు వచ్చి పిల్లలను తినేస్తూ ఉంటాయి, చివరి ఏడాది చదువు ముగిసినవారు ఆ జీవులతో నిండిన హాలును దాటితేనే బయటి ప్రపంచంలో పడతారు. ఎన్‌క్లేవ్‌లు అనే సంపన్న మాంత్రిక స్థావరాల నుంచి వచ్చిన పిల్లలకు వెనుక వాళ్ల పెద్దలు కూడబెట్టిన శక్తి ఉంటుంది, మిగిలినవారు వాళ్ల ప్రాపకం కోసం నాలుగేళ్లూ వాళ్ల పనులు చేసిపెడుతూ బతకాలి. కథ చెప్పే ఎల్ అనే అమ్మాయికి అలాంటి అండ లేదు. తల్లి వేల్స్‌లో ఉంటుంది. తండ్రి వైపువారు ముంబయివారు, ముత్తవ్వ పలికిన జోస్యానికి బెదిరి పసిపిల్లను వద్దనుకొన్నారు. ఆ పిల్ల తన మంత్రశక్తిని తానే కూడబెట్టుకోవాలి. అందుకోసం రోజూ దండీలు తీస్తుంది, తనకు ఏమాత్రం ఇష్టంలేని క్రోషే అల్లుతుంది. ఇతర ప్రాణుల నుంచి శక్తిని లాక్కొంటే పని సులువవుతుందని తెలిసినా లాక్కోదు. ఈ ఒక్క ఏర్పాటుతోనే రచయిత్రి ఆ అమ్మాయి వ్యక్తిత్వాన్ని నిలబెట్టింది.

మా అక్క కూతురు ఈ పుస్తకాన్ని ఇంటరు మొదటి సంవత్సరంలో, రెసిడెన్షియల్ కళాశాల నుంచి దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు చదివింది. భోజనశాలలో ఏ బల్ల దగ్గర కూర్చోవాలి, కూర్చొనే ముందు బల్ల కింద ఏమి చూసుకోవాలి, ఎవరి పక్కన చోటు దొరికితే ఎవరి దృష్టిలో పడతాము అని ఎల్ లెక్కలు వేసుకొనే భాగాన్ని నాకు చదివి వినిపించి, “పిన్నీ, మా మెస్సులో కూడా ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో వీకెండ్ టెస్టు ర్యాంకే చెబుతుంది” అన్నది. అంతవరకూ ఫోనులో “బాగానే ఉన్నాను” అన్న మాట తప్ప మరొకటి చెప్పని పిల్ల, ఆ సాయంత్రం సెక్షన్లు మార్చడం గురించీ, ర్యాంకు పడిపోయిన స్నేహితురాలితో మాట్లాడటం మానేసిన మిగతావాళ్ల గురించీ చాలాసేపు చెప్పింది. పుస్తకం ఆమెకు ఏ నీతీ బోధించలేదు. తన భయాన్ని మరొకరి కథగా చూపించింది, అందువల్ల నోరు విప్పగలిగింది. విజయవాడ, గుంటూరు పరిసరాలలో ఇంటరు పిల్లలున్న ఇళ్లకు ఈ నవల ఎంత దగ్గరగా ఉంటుందో నేను వేరే చెప్పనక్కరలేదు.

మరొక విశేషం కూడా ఇందులో ఉన్నది. ఓరియన్ అనే కుర్రవాడు రాక్షస జీవులను చంపి తోటి పిల్లలను కాపాడుతూ ఉంటాడు, అందరూ అతణ్ణి వీరుడని మెచ్చుకొంటారు. కానీ తిండి దొరకక ఆ జీవులు మరింత ఆకలితో ఉన్నాయనీ, బతికిన పిల్లల సంఖ్య పెరిగినకొద్దీ చివరి హాలు మరింత ప్రమాదకరమవుతుందనీ ఎల్ గుర్తిస్తుంది. మంచి పనికి కూడా ఎక్కడో ఎవరో మూల్యం చెల్లిస్తారన్న ఈ ఆలోచన మూడో పుస్తకం దాకా నడుస్తుంది. మొదటి భాగాన్ని మీ అమ్మాయికి ఇప్పుడే ఇవ్వవచ్చు. 2021లో, 2022లో వచ్చిన తరువాతి రెండు భాగాలలో ప్రేమ వ్యవహారం కొంత ముదురుతుంది కనుక అవి ఇంటరులో చదివితే చాలు.

రెండవది రెబెకా యారోస్ 2023లో ప్రచురించిన ‘ఫోర్త్ వింగ్’. బహుశా మీ అమ్మాయి స్నేహితురాళ్లందరి నోటా దీని పేరే ఉంటుంది. చరిత్రను రాసి భద్రపరిచే లేఖకుల విభాగానికి వెళ్లవలసిన వయొలెట్‌ను సైన్యాధికారిణి అయిన తల్లి బలవంతంగా డ్రాగన్ల మీద స్వారీ చేసే విభాగంలో చేర్పిస్తుంది. ప్రవేశం కోసం ఇరుకైన ఎత్తైన రాతి వంతెనను దాటాలి, కాలు జారినవారు చనిపోతారు. కీళ్లు బలహీనంగా ఉండి తరచూ పట్టు తప్పే శరీరంతో ఆ అమ్మాయి నెగ్గుకురావడం బాగా రాశారు. ఆమెను ఎంచుకొన్న టైర్న్ అనే పెద్ద డ్రాగను మాటలు నాకు ఎంతో నచ్చాయి. అయితే ఉదయం చనిపోయినవారి పేర్లు చదువుతారు, మధ్యాహ్నానికి కథ ప్రేమ వైపు వెళ్లిపోతుంది. చనిపోయిన పిల్లవాడి మంచం ఖాళీగా ఉన్నదని ఎవరూ రెండు పేజీలపాటైనా తలచుకోరు. అన్నిటికంటె ముఖ్యంగా ఇది పెద్దల కోసం రాసిన నవల, శృంగార సన్నివేశాలు దాపరికం లేకుండా ఉంటాయి. అట్ట చూసి పిల్లల పుస్తకమని భ్రమపడి కొంటున్న తల్లిదండ్రులను నేను పుస్తకాల దుకాణాలలో చూశాను. ఇప్పటికి ఆపండి. ఎందుకు ఆపుతున్నారో ఆమెకే నేరుగా చెప్పండి. దాచిపెడితే ఫోనులో చదువుతుంది.

ఇవన్నీ పనికిరాని మాయకథలని మీ ఇంట్లో పెద్దలు అంటున్నారని రాశారు. వారికి ఒక మాట గుర్తుచేయాలి. 1947లో మొదలైన చందమామను నడిపిన చక్రపాణి, దానికి సంపాదకత్వం వహించిన కొడవటిగంటి కుటుంబరావు, ఇద్దరూ మీ పక్కనే ఉన్న తెనాలివారు. అందులో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘కంచుకోట’, ‘పాతాళదుర్గం’ వంటి ధారావాహికల కోసం నెల నెలా ఎదురుచూసిన తరం మనది. విజయవాడలో జీవించిన విశ్వనాథ సత్యనారాయణ గుర్రపు తల గల గంధర్వుణ్ణి లండన్ నగరంలో దింపి ‘హాహా హూహూ’ రాశారు. మాయకథ మనకు కొత్త కాదు. ఆ ధారావాహికలలో వీరుడికి సాహసమే తప్ప లోపలి కలత ఉండేది కాదు. నేటి మంచి నవలలు ఆ కలతను పట్టుకొన్నాయి, అక్కడే అవి ఒక అడుగు ముందుకు వేశాయని నేను నమ్ముతున్నాను.

మన పురాణాల ఆధారంగా వచ్చిన వాటిలో రోషనీ చోక్షీ రాసిన ‘ఆరూ షా’ వరుస ఉన్నది. 2018 నుంచి 2022 వరకు ఐదు పుస్తకాలు వచ్చాయి. పాండవులు ఈ కాలంలో అమ్మాయిలుగా పుడతారు. అట్లాంటాలోని మ్యూజియంలో తల్లితో ఉండే పన్నెండేళ్ల ఆరూ, గొప్పలు చెప్పుకొనే అలవాటు వల్ల తోటి పిల్లల ముందు ఇరుక్కుపోయి, ముట్టుకోరాదన్న దీపాన్ని వెలిగిస్తుంది. దేవతలతో హాస్యమేమిటని కొందరు నొచ్చుకొంటారు. వ్యాసభారతంలో లేని శశిరేఖను కథానాయికగా చేసి, పాండవులు ఒక్కసారి కూడా కనబడకుండా 1957లో తీసిన ‘మాయాబజార్’ను ఇంటిల్లిపాదీ చూసి మురిసిన మనకు ఆ అభ్యంతరం తగదు. ఈ పుస్తకాలు మీ ఆరో తరగతి అబ్బాయికి బాగా సరిపోతాయి. కేథరిన్ రండెల్ 2023లో రాసిన ‘ఇంపాజిబుల్ క్రీచర్స్’ కూడా అతడికే. ఎగిరే కోటు వేసుకొనే అమ్మాయి ఉన్న ఆ నవలలో వాక్యాలు చదివి వినిపించడానికి తగినంత అందంగా ఉంటాయి.

పదో తరగతి అమ్మాయికి వెంటనే ఇవ్వదగిన మరో నవల సుజానే కాలిన్స్ 2025 మార్చిలో ప్రచురించిన ‘సన్‌రైజ్ ఆన్ ది రీపింగ్’. ఇందులో మంత్రాలు లేవు. ఏటా పిల్లలను చివరికి ఒక్కరే మిగిలేదాకా పోరాడించే చావు పోటీకి ఆ ఏడాది నలభై ఎనిమిది మందిని ఎంపిక చేస్తారు. ఎంపిక సమయంలో పారిపోబోయిన కుర్రవాణ్ణి కాల్చి చంపి, కెమెరాల ముందు అంతా సవ్యంగా జరిగినట్టు మళ్లీ చిత్రీకరిస్తారు. ఫోనులో కనబడిన ప్రతి వీడియోనూ నమ్మే వయసులో ఉన్న పిల్లలకు ఆ ఒక్క అధ్యాయం ఎంతో అవసరం. హింస తీవ్రంగానే ఉంటుంది, కానీ ప్రతి మరణం పాఠకుణ్ణి బాధిస్తుంది.

ఆర్.ఎఫ్. క్వాంగ్ 2022లో రాసిన ‘బేబెల్’కు, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే నెబ్యులా పురస్కారం వచ్చింది. 1830ల ఆక్స్‌ఫర్డులో, వెండి కడ్డీల మీద పదాలు చెక్కి సామ్రాజ్యాన్ని నడిపించే పండితుల మధ్య చిక్కుకొన్న రాబిన్ కథ ఇది. కాంటన్ నుంచి తెచ్చిన అతడికి కలకత్తా నుంచి వచ్చిన రామీ ప్రాణస్నేహితుడవుతాడు. తమను ఆదరించిన విద్యాసంస్థే తమ దేశాలను దోచుకొంటున్నదని ఆ పిల్లలకు తెలిసివచ్చే తీరు గొప్పగా ఉన్నది. కానీ రచయిత్రి పాఠకుణ్ణి నమ్మలేదు. సన్నివేశంలో మనకు అర్థమైనదాన్నే తరువాతి పేరాలో వివరిస్తుంది, అది చాలక పేజీ అడుగున మళ్లీ వివరిస్తుంది. ఇంటరు పూర్తయ్యాక చదివితే నిలుస్తుంది. తాషా సూరి రాసిన ‘ది జాస్మిన్ థ్రోన్’ కూడా అప్పటికే. 2022లో వరల్డ్ ఫాంటసీ పురస్కారం పొందిన ఆ నవలలో మనుషుల శరీరాల నుంచి మొక్కలు మొలుచుకువచ్చే తెగులు వర్ణన నన్ను చాలా రోజులు వెంటాడింది.

కొనేటప్పుడు మూడు భాగాల పెట్టె ఒకేసారి కొనవద్దు. మొదటి భాగం తెప్పించి, ఆమె దాన్ని రెండోసారి తెరిచిందేమో చూసి, అప్పుడు తరువాతిది కొనండి. ఫుట్‌పాత్‌ల మీద దొరికే నకిలీ ప్రతులలో ముందున్న దేశపటం అలుక్కుపోయి ఊళ్ల పేర్లు కనబడవు, ఇలాంటి కథలలో ఆ పటం లేకపోతే సగం ప్రయాణం అర్థం కాదు. విజయవాడ వచ్చినప్పుడు లెనిన్ సెంటరులోని పాత పుస్తకాల దుకాణాలలో వెదికితే అసలు ప్రతులే తక్కువ ధరకు దొరకవచ్చు. పబ్లిక్ పరీక్షలయ్యేదాకా నవలలు పూర్తిగా మాన్పించాలా అని కూడా అడిగారు. మాన్పించవద్దు. రాత్రి చదువు ముగిశాక ఒక అధ్యాయం అని ఆమెతోనే ఒప్పందం చేసుకోండి, వీలైతే అదే అధ్యాయం మీరూ చదవండి.