పస్సావులో ఆ ఒక్క పగలు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. డాన్యూబ్ నదిలో మీ ఓడ జర్మనీలోని పస్సావులో ఒక పగలంతా ఆగుతుందని రాశావు. ఆ రోజు ఓడవాళ్లు పొరుగుదేశం ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ ఊరికి బస్సు వేస్తామంటారు. వెళ్లకు. రానూపోనూ సగం రోజు బస్సులోనే గడిచిపోతుంది. మీ అత్తగారూ మామగారూ అలసిపోతారు, ఎదురుగా ఉన్న ఊరేమో చూడకుండానే ఉండిపోతుంది.

పొద్దున్నే, జనం రాకముందే, ఊరి కొస దాకా నడవండి. అక్కడ మూడు నదులు కలుస్తాయి. ఆల్ప్స్ మంచునీళ్లు తెచ్చే ఇన్ నది లేత ఆకుపచ్చగా ఉంటుంది. చిత్తడి అడవి నేలల మీదుగా వచ్చే ఇల్జ్ నల్లగా ఉంటుంది. నడుమ డాన్యూబ్. ఏడాది మొత్తం మీద ఇన్ తెచ్చే నీరే డాన్యూబ్ నీటికన్నా ఎక్కువ, అయినా కలిశాక పేరు డాన్యూబ్‌దే. కాళేశ్వరంలో ప్రాణహిత గోదావరిలో కలిసినట్టే అనుకో. మామగారికి ఈ మాట చెప్పు, ఆయన అక్కడి నుంచి ఒక పట్టాన కదలరు.

తిరిగి వచ్చేటప్పుడు పాత పురపాలక భవనం గోడ మీద వరద గీతలు చూపించు. ఒక్కో గీత పక్కన ఏడాది రాసి ఉంటుంది. 2013 జూన్‌లో నీటిమట్టం 12.89 మీటర్లకు చేరింది. 1501 తర్వాత అంత వరద మళ్లీ అప్పుడే. అత్తగారిని ఆ గోడ పక్కన నిలబెట్టి, తల ఎక్కడుందో గీత ఎక్కడుందో చూడు.

సెయింట్ స్టీఫెన్ చర్చిలో ఆర్గన్ ఉంది, గొట్టాల్లోకి గాలి పంపి వాయించే పెద్ద వాద్యం. దానికి 17,974 గొట్టాలున్నాయి. వేసవిలో మధ్యాహ్నం పన్నెండింటికి కచేరీ పెడతారు. మీరు వెళ్లే రోజున ఉందో లేదో ముందురోజే ఓడ సిబ్బందిని అడుగు. ఉంటే ముందుగా వెళ్లి కూర్చోండి. మంద్ర స్వరం మొదలైతే కూర్చున్న బల్ల కూడా అదురుతుంది. దుకాణాలు మానుకున్నా ఫరవాలేదు, ఇది మాత్రం వదలకు.

భోజనానికి ఓడకే వచ్చేయండి. తర్వాత అవతలి ఒడ్డున కొండ మీది ఓబర్‌హౌస్ కోటకు వెళ్లండి. 1219లో బిషప్పులు మొదలుపెట్టిన కోట అది. మెట్ల దారి మామగారి మోకాళ్లకు వద్దు, బస్సో టాక్సీయో చూసుకోండి. మూడు నీళ్ల రంగులూ పైనుంచే స్పష్టంగా విడిగా కనిపిస్తాయి.

ఊళ్లో రాళ్లు పరిచిన వీధులు, చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. దిగేటప్పుడు ఓడ కార్డు తీసుకుని, రేవు నంబరు ఫోటో తీసుకో. ఒక్కోసారి మీరు ఊళ్లో ఉండగానే ఓడను వేరే రేవుకు మారుస్తారు. పక్కపక్కనే కట్టిన రెండు మూడు ఓడలు దాటి మీ ఓడలోకి వెళ్లాల్సి రావచ్చు కూడా. బయలుదేరే వేళకు అరగంట ముందే వచ్చేయండి, ఓడ ఎవరి కోసమూ ఆగదు.

ఇట్లు,
మీ పెద్దమ్మ