బండి ఎత్తు తెలియని మ్యాప్‌ను నమ్మకండి

పాత స్కూల్ బస్సును ఇల్లుగా మార్చుకుని అమెరికాలో తిరుగుతున్నామని, ఫోన్‌లోని మ్యాప్ దాన్ని తక్కువ ఎత్తు వంతెన దగ్గరికి తీసుకెళ్లిందని మీరు రాసింది చదివితే నాకే టెన్షన్ వచ్చిందండీ. ఆ మ్యాప్ చూపించేది కార్లకు సరిపోయే దారి. ఆర్‌వీ లైఫ్ లాంటి, ఇంటి బండ్ల (ఆర్‌వీల) కోసం చేసిన యాప్‌లో ఎత్తు, పొడవు, బరువు ఇస్తే వాటికి తగ్గ దారి చూపిస్తుంది. అయితే ముందు టేపు పట్టుకుని, పైన ఉన్న ఏసీ, సోలార్ ప్యానెళ్లతో కలిపి మీరే ఎత్తు కొలవండి. ఆ అంకె రాసి స్టీరింగ్ పక్కన అంటించండి. వంతెన బోర్డుకూ యాప్‌కూ తేడా వస్తే బోర్డు మాటే వినండి.

మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కుకు వెళ్తామన్నారు కదా, అక్కడి గోయింగ్ టు ద సన్ అనే కొండ రోడ్డు మధ్యభాగంలోకి 21 అడుగుల పొడవు దాటిన బండ్లను రానివ్వరు. బస్సును కొండ దిగువనే ఆపుకోండి.

రాత్రి మకాంకు చోటు వెతకాలంటే, ప్రయాణికులే చోట్ల గురించి రాసే ఐఓవర్‌ల్యాండర్ యాప్ బాగుంటుంది, కానీ ఆ చోటు గురించి రాసిన చివరి వ్యాఖ్య తేదీ తప్పక చూడండి. వాల్‌మార్ట్ దుకాణం పార్కింగ్‌లో ఆగాలంటే ఆ స్టోర్‌కే ఫోన్ చేసి అడగండి, అనుమతి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.