డాక్టర్ సలహా: మందు మానితే ఫిట్స్, తాగితే షుగర్ గొడవ, పైగా డిప్రెషన్.. మా ఆయన్ని ఏ డాక్టర్‌కి చూపించాలి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది నిజామాబాద్ జిల్లా. మా ఆయనకి 44 ఏళ్లు. దుబాయ్‌లో పనిచేసి మూడేళ్ల కింద వాపస్ వచ్చేశారు, అప్పటి నుంచి రోజూ ఒక హాఫ్ తాగుతున్నారు, కల్లు వేరే. షుగర్ ఉంది, గ్లిమిపిరైడ్ మెట్‌ఫార్మిన్ కలిసిన గోలీ వేసుకుంటారు. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2 అన్నారు. అరికాళ్లు మంటలు, రాత్రి నిద్ర లేదు, ఎవరితో మాట్లాడరు, "నేను లేకుంటేనే మీకు మంచిగుంటది" అంటున్నారు. పోయినేడు అయ్యప్ప మాల వేసుకుని మందు ఒక్కసారే బంద్ చేస్తే రెండో రోజు ఫిట్స్ వచ్చినయి. మేం పూనకం అనుకున్నాం. షుగర్ డాక్టర్ మానసిక డాక్టర్ దగ్గరికి పొమ్మంటారు, ఆయనేమో ముందు మందు మానిపించి తీసుకురండి అంటారు, డీ అడిక్షన్ సెంటర్ వాళ్లు షుగర్, ఫిట్స్ ఉంటే చేర్చుకోం అన్నారు. ఇంకో సెంటర్ వాళ్లు హోలిస్టిక్ ట్రీట్‌మెంట్ అని ప్యాకేజీ చెప్తున్నారు. పక్కింటోళ్లు కూరలో కలిపే పొడి తెప్పిస్తామంటున్నారు. ఏం చెయ్యాలి?
- ఒక పాఠకురాలు

సలహా: అమ్మా, ముందు రెండు విషయాలు చెప్తాను, మిగతా ఉత్తరం తర్వాత చదివినా పర్లేదు. ఒకటి, మీ ఆయన్ని ఇంట్లో ఒక్కసారిగా మందు మానిపించొద్దు, ఒట్లు వేయించొద్దు, గదిలో పెట్టి తాళం వెయ్యొద్దు. రెండు, "నేను లేకుంటేనే మంచిది" అన్న మాటని తాగిన మాట అని వదిలెయ్యకండి. పొలం మందులు, గడ్డి మందు ఇంట్లో ఉంటే ఈ రోజే వేరే వాళ్ల ఇంటికి పంపించెయ్యండి, తాళ్లు, గోలీల డబ్బాలు కూడా మీ చేతిలో ఉండాలి. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని ఆయన తాగకుండా ఉన్న టైమ్‌లో నెమ్మదిగా సూటిగానే అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది భయపడతారు గానీ అడగడం వల్ల ఆలోచన రాదు, మనసులో ఉన్నది బయటికి వస్తుంది, మనిషికి కొంచెం బరువు తగ్గుతుంది. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. రాత్రీ పగలూ ఎప్పుడైనా 14416 కి ఫోన్ చెయ్యొచ్చు, అది టెలీ మానస్, గవర్నమెంట్‌ది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు.

ఇప్పుడు ఆ ఫిట్స్ సంగతి. అది పూనకం కాదమ్మా. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి మెదడు ఆ మత్తుకి అలవాటు పడి, దాన్ని తట్టుకుని పనిచెయ్యడానికి తనను తాను ఎప్పుడూ ఎక్కువ స్పీడ్‌లో పెట్టుకుని ఉంటుంది, మత్తు ఒక్కసారి ఆగిపోతే ఆ స్పీడ్ మాత్రం తగ్గదు, అందుకే చేతులు వణకడం, చెమటలు, గుండె దడ ఆఖరి పెగ్గు తర్వాత ఆరు గంటల నుంచే మొదలవుతాయి, ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి, కొందరికి రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో ఎవరెవరో కనిపిస్తున్నారని, పురుగులు పాకుతున్నాయని మాట్లాడటం, జ్వరం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం వస్తుంది. ఆ చివరిది ట్రీట్‌మెంట్ లేకపోతే ప్రాణం తీస్తుంది. ఒకసారి ఫిట్స్ వచ్చిన వాళ్లకి మళ్లీ మానినప్పుడు వచ్చే ఛాన్స్ ఎక్కువ కాబట్టి మీ ఆయన మానడం హాస్పిటల్ బెడ్ మీదే జరగాలి, ఇందులో రెండో మాట లేదు.

మీరు కల్లు వేరే అని ఒక్క మాటలో రాశారు, నాకు మాత్రం అది పెద్ద విషయం. మన దగ్గర చాలా చోట్ల కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు గోలీలు, మత్తు పొడులు కలుపుతున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి కల్లు దుకాణాలు మూసేసిన కొద్ది రోజులకే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక హాస్పిటల్‌కి జనం ఎలా వచ్చారో పేపర్లలో చూసే ఉంటారు, వాళ్లలో చాలామందికి ఈ గోలీల మత్తు ఆగిపోవడమే జబ్బు. డైజిపామ్ ఒంట్లో నుంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి ఆ ఇబ్బంది వారం తర్వాత కూడా మొదలవ్వొచ్చు, అంటే విస్కీ మానిన నాలుగైదు రోజులు బాగానే గడిచాయి కదా అని ఇంటికి తెచ్చేసుకుంటే మళ్లీ ఫిట్స్ రావొచ్చు. అందుకని అడ్మిట్ చేసేటప్పుడు రోజుకి ఎన్ని సీసాల కల్లు, ఎన్నేళ్ల నుంచి అని డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. సిగ్గుపడి దాచొద్దు.

ఇక మీరు తిరిగిన మూడు గుమ్మాలు. మా డాక్టర్ల సైడు నుంచి జరుగుతున్న అన్యాయం ఇది, ఇలాంటి ఉత్తరం చదివినప్పుడల్లా నాకు చాలా బాధేస్తుంది. మందు మానితేగానీ డిప్రెషన్ చూడం అంటారు, డిప్రెషన్ ఉన్న మనిషి ఆ దిగులు తట్టుకోలేకే తాగుతాడు, షుగర్ కంట్రోల్ అయితేగానీ చేర్చుకోం అంటారు, తాగుతున్నన్ని రోజులూ షుగర్ కంట్రోల్ అవ్వదు. మరి ఆ మనిషి ఎక్కడికి పోవాలి? కేంద్రం ఎయిమ్స్ వాళ్లతో చేయించి 2019 లో రిపోర్ట్ బయటపెట్టిన సర్వేలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక ట్రీట్‌మెంట్ అందుతోందని తేలింది. మిగతా 37 మందీ నాకొద్దు అన్నవాళ్లు కాదు, మీలాగే ఒక గది నుంచి ఇంకో గదికి తిరిగి విసిగిపోయి ఇంటికెళ్లిన వాళ్లు అందులో చాలామంది ఉంటారని నేను నమ్ముతున్నా.

ఆయన అరికాళ్ల మంటలే తీసుకోండి. షుగర్ వల్ల నరాలు దెబ్బతిని రావొచ్చు, మద్యం వల్ల, తిండి సరిగ్గా లేక బి విటమిన్లు తగ్గి రావొచ్చు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బి12 తగ్గి కూడా రావొచ్చు, ఈ మూడూ కలిసి కూడా ఉండొచ్చు. మంటకి షుగర్ డాక్టర్లు తరచుగా రాసే డులోక్సెటిన్ అనే గోలీ డిప్రెషన్‌కి కూడా పనిచేస్తుంది, వినడానికి రెండు పిట్టలూ ఒకే దెబ్బకి అన్నట్టు ఉంటుంది గానీ బాగా తాగే వాళ్లకి, లివర్ దెబ్బతిన్న వాళ్లకి అది ఇవ్వకూడదు. షుగర్ చూసే డాక్టర్‌కి తాగుడు సంగతి తెలియకపోతే, మానసిక డాక్టర్‌కి లివర్ రిపోర్ట్ కనబడకపోతే తప్పు గోలీ పడుతుంది. మంట వల్ల నిద్ర లేదు, నిద్ర కోసం ఒక పెగ్గు ఎక్కువ, పొద్దున్నే ఆ నీరసం, ఆ దిగులు. ఇందులో ఏది మొదటి జబ్బో తేల్చేదాకా ఆగి కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది, అన్నీ ఒక్క ఫైల్‌లో పెట్టి ఒకేసారి మొదలుపెట్టాలి.

ఇంకొకటి ఇంట్లో అందరికీ తెలియాలి. గ్లిమిపిరైడ్ వేసుకుని అన్నం తినకుండా తాగితే షుగర్ బాగా పడిపోతుంది, ఎందుకంటే లివర్ తయారుచేసి పంపాల్సిన షుగర్‌ని మద్యం ఆపేస్తుంది. అప్పుడు మనిషి తూలుతాడు, తడబడి మాట్లాడతాడు, చెమటలు పడతాయి, పడిపోతాడు, ఇంట్లో వాళ్లు ఎక్కువ తాగాడులే అని దుప్పటి కప్పేస్తారు. గ్లూకోమీటర్ కొనిపెట్టుకోండి, అనుమానం వస్తే వేలు గుచ్చి చూడండి, 70 కన్నా తక్కువుంటే, తెలివి ఉంటే చక్కెర నీళ్లు, వెంటనే అన్నం. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి 108 కి ఫోన్ చెయ్యండి. మానుకునే దాకా ఆ గోలీ మార్చాలా, డోసు తగ్గించాలా అని షుగర్ డాక్టర్‌ని ఈ వారమే అడగండి, మీరే ఆపెయ్యకండి.

కూరలో పొడి వద్దమ్మా, దణ్ణం పెట్టి చెప్తున్నా. అలాంటి పొడుల్లో ఏముందో అమ్మేవాడికే తెలియదు, కొన్నిసార్లు డైసల్ఫిరామ్ అనే తాగుడు మాన్పించే గోలీ ఉంటుంది. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండె దడ, బీపీ ఒక్కసారిగా పడిపోవడం జరుగుతుంది, గోలీ ఆపిన రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది, లివర్‌ని కూడా దెబ్బతియ్యగలదు. ఆయనకి తెలిసి, ఆయన ఒప్పుకుని, డాక్టర్ లివర్, గుండె చూసి ఇస్తే అది మందు. తెలియకుండా పెడితే విషం పెట్టినట్టే, పైగా తెలిసిన రోజున మీ చేతి అన్నం మీద నమ్మకం పోతుంది.

ఎక్కడికెళ్లాలి అంటే, నా మాటగా నిజామాబాద్ గవర్నమెంట్ మెడికల్ కాలేజీ హాస్పిటల్ లాంటి పెద్ద జనరల్ హాస్పిటల్‌కి వెళ్లండి, జనరల్ మెడిసిన్, సైకియాట్రీ రెండూ ఒకే కాంపౌండ్‌లో ఉండటమే మీకు కావాల్సింది. అడ్మిట్ చేసి వణుకు, ఫిట్స్ రాకుండా లోరాజెపామ్ లాంటి గోలీలు డోసు కట్టి ఇచ్చి రోజురోజుకీ తగ్గిస్తారు, లివర్ బాగాలేని వాళ్లకి అందులో ఏది సేఫో వాళ్లు చూసుకుంటారు. బి1 ఇంజెక్షన్ తప్పనిసరి, అది లేకుండా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నీరసానికని గ్లూకోజ్ బాటిల్ ఎక్కించొద్దు, బాగా బి1 తగ్గిన మనిషికి అలా చేస్తే మెదడు దెబ్బతిని జ్ఞాపకశక్తి పోయే ప్రమాదం ఉంది. లివర్ టెస్టులు, ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టడం చూసే ఐఎన్ఆర్, కిడ్నీకి క్రియాటినిన్, పొటాషియం మెగ్నీషియం, బి12, హెపటైటిస్ బి సి, మూడు నెలల షుగర్ ఒకేసారి చేయించమనండి. లివర్‌లో ఉన్నది ఉత్త కొవ్వే అయితే మానిన కొన్ని వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది, ఈ మాట ఆయనకి తప్పకుండా చెప్పండి, తాగే వాళ్లకి మేం ఎప్పుడూ భయమే చెప్తాం గానీ ఇంకా చేతిలో ఉన్నది చెప్పం.

డిప్రెషన్ విషయంలో, కొందరికి మందు మానిన రెండు నుంచి నాలుగు వారాల్లో దిగులు దానంతట అదే చాలా తగ్గుతుంది, కొందరికి తగ్గదు. అందుకని గోలీ మొదలుపెట్టడానికి కొన్ని రోజులు చూస్తే చూడొచ్చు గానీ ఆ రోజుల్లో సైకియాట్రీ డాక్టర్ మనిషిని చూస్తూ ఉండాలి, మానాక రండి అని బయటికి పంపడం వేరు. మీ ఆయన లాగా చావు మాట మాట్లాడుతున్న వాళ్లకి నేనైతే ఎక్కువ ఆగను. తర్వాత తాగాలనే కోరిక తగ్గించే గోలీలున్నాయి, నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్, బాక్లోఫెన్, లివర్ ఎలా ఉంది కిడ్నీ ఎలా ఉంది అన్నదాన్ని బట్టి ఒకటి ఎంచుకుంటారు, నెలల తరబడి వాడాలి. నిద్ర కోసం మెడికల్ షాపులో ఆల్ప్రజోలం మాత్రం కొనొద్దు, కల్లులో మానిపించిందే మళ్లీ గోలీగా మొదలవుతుంది.

ఆ హోలిస్టిక్ ప్యాకేజీ వాళ్లని కొన్ని అడగండి. రాత్రిపూట ఫిట్స్ వస్తే చూసే డాక్టర్ ఉన్నాడా, షుగర్ ఎవరు చూస్తారు, స్టేట్ మెంటల్ హెల్త్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఉందా, మీరు ఎప్పుడైనా వెళ్లి కలవొచ్చా, ఫోన్‌లో మాట్లాడనిస్తారా. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలకి కూడా వర్తిస్తుంది, గొలుసులతో కట్టెయ్యడం నేరం. జవాబు తిన్నగా రాకపోతే డబ్బు కట్టొద్దు. యోగా, ప్రాణాయామం, నడక, టైమ్‌కి తిండి, నేను వీటన్నిటికీ అనుకూలమే, నిద్రకీ దిగులుకీ షుగర్‌కీ మంచివే, కానీ ఫిట్స్ గండం దాటాక, గోలీలతో పాటు. లివర్‌కి మంచిదని ఎవరైనా మూలికలు, కషాయాలు ఇస్తే డాక్టర్‌కి చూపించకుండా వాడొద్దు, తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే డాక్టర్లు రిపోర్ట్ చేశారు.

మాల వేసుకుంటే మానగలిగాడు కదా, మామూలప్పుడు కావాలనే తాగుతున్నాడు అని ఇంట్లో అంటుంటారేమో. నాకు దాంట్లో వేరేది కనబడుతుంది. మాలలో ఉన్న 41 రోజులూ తెల్లవారుజామున లేవాలి, చన్నీళ్ల స్నానం, రెండు పూటలా పూజ, ఒంటిపూట భోజనం, చుట్టూ స్వాములు, ఊరంతా స్వామీ అని పిలవడం, తాగుబోతు అన్న పిలుపు ఎక్కడా లేదు. మాల తీసిన రోజు ఇవన్నీ ఒక్కసారి పోతాయి, ఆయన మళ్లీ పని లేకుండా అరుగు మీద కూర్చుంటాడు. దుబాయ్ నుంచి వచ్చిన మగవాళ్లలో ఇది చాలా చూశా, అక్కడ పన్నెండు గంటల డ్యూటీ, ఇక్కడ పొద్దున లేస్తే ఏం చెయ్యాలో తెలియదు, తెచ్చిన డబ్బు ఇంటికీ పెళ్లిళ్లకీ అయిపోతుంది, పిల్లలకి నాన్న అలవాటు ఉండదు. డిశ్చార్జ్ అయిన రోజు నుంచి ఆయనకి లేచే టైమ్, ఏదో ఒక పని, తాగని మనుషుల తోడు ఉండాలి. ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు దగ్గర్లో ఉంటే పంపండి, ఫీజు ఉండదు, అక్కడ అందరూ తాగి మానినవాళ్లే. ఈసారి మాల వేసుకుంటానంటే వద్దనకండి, కాకపోతే హాస్పిటల్లో మానడం అయిపోయాక, షుగర్ గోలీలు ఒంటిపూట భోజనానికి తగ్గట్టు డాక్టర్‌తో మార్పించుకున్నాకే వెయ్యనివ్వండి.

మధ్యలో ఒకరోజు తాగినా గోలీలు ఆపొద్దు, కొట్లాడొద్దు, మర్నాడే ఓపీకి తీసుకెళ్లండి. మీ గురించి ఒక్క ముక్క కూడా రాసుకోలేదు మీరు, మీ బీపీ, మీ నిద్ర కూడా అదే రోజు అదే హాస్పిటల్లో చూపించుకోండి. ఇన్సూరెన్స్ ఉంటే మానసిక జబ్బుల అడ్మిషన్ కవర్ అవుతుందా అని ముందే కనుక్కోండి, 2018 లోనే ఇన్సూరెన్స్ కంపెనీలకి రూల్స్ పెట్టే ఐఆర్‌డీఏఐ మానసిక జబ్బులని మిగతా జబ్బులతో సమానంగా చూడాలని కంపెనీలకి చెప్పింది. వెళ్లేటప్పుడు పాత స్కాన్, ఇప్పుడు వాడే గోలీల స్ట్రిప్పులు, ఫిట్స్ వచ్చిన రోజు వివరాలు అన్నీ ఒక్క కవర్లో పెట్టుకోండి. వెళ్లేదాకా ఆయన రోజూ తాగేది ఒక్కసారిగా ఆపించకండి, తిని తాగేలా చూడండి, వణుకు, చెమటలు, తికమక మాటలు మొదలైతే తెల్లారే దాకా ఆగకుండా క్యాజువాలిటీకే వెళ్లండి. రిపోర్టులు వచ్చాక ప్లేట్‌లెట్లు, ఐఎన్ఆర్, క్రియాటినిన్ ఎంతున్నాయో మళ్లీ రాయండి, అవి చూసి కోరిక తగ్గించే గోలీ గురించి డాక్టర్‌ని ఏం అడగాలో చెప్తాను.