అత్తగారి నాటి పెంటకుప్ప

ప్రశ్న: మాది చీరాల దగ్గర ఇసుక నేలల పల్లె. 6 ముర్రా గేదెలున్నాయి. పెంటకుప్ప ఇంటి వెనక, ఒరల బావికి 20 అడుగుల దూరంలో ఉంది. వానలు పడితే కుప్ప కింది నుంచి కాఫీ రంగు నీళ్లు కారుతున్నాయి. ఈమధ్య బావి నీళ్లు వాసన వస్తున్నాయి, కాచి తాగుతున్నాం. అమ్మాయి పురిటికొచ్చింది. 2 నెలల మనవడికి తల్లిపాలు చాలక డబ్బా పాలు కూడా పడుతున్నాం. 'నేను కాపురానికొచ్చిన నాటి నుంచీ కుప్ప అక్కడే ఉంది, ఎవరికేమైంది?' అంటారు అత్తగారు. గోబర్ గ్యాస్ పెట్టిస్తే సరిపోతుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: గేదెల సంగతి తర్వాత చూద్దాం అమ్మా. బాబుకి ఆ నీళ్లతో పాలు కలపడం ఇవాళే ఆపేయండి. కాస్తే క్రిములు చస్తాయి గానీ, పేడ, మూత్రం నుంచి నీళ్లలోకి దిగే నైట్రేటు పోదు. నీళ్లు మరిగి తగ్గేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. 6 నెలల లోపు పిల్లల్లో అది రక్తం ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. పెదాలు, గోళ్లు నీలంగా కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. పరీక్ష అయ్యేదాకా ఆర్వో నీళ్లు తెప్పించి, వాటినే కాచి వాడండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) ల్యాబ్‌లో నైట్రేటుకీ, క్రిములకీ రెండింటికీ పరీక్ష చేయమని అడగండి. తాగే నీటిలో నైట్రేటు లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు.

అత్తగారు అబద్ధమేమీ చెప్పలేదు. ఆమె రోజుల్లో ఇంటికి ఒకటో రెండో గేదెలు. పేడ సగం పిడకలకీ, ఇంకొంత కళ్లాపికీ, అలకడానికీ పోయేది. ఇప్పుడు వంటకి గ్యాసు, వాకిలంతా సిమెంటు. గేదెకి రోజుకి 15 కిలోలు వేసుకున్నా మీ కొట్టంలో 90 కిలోలు, ఏడాదికి 30 టన్నుల పైమాటే! పైగా మోటారు పైపుతో కడుగుడు. కుప్ప ఉన్న చోటు మారలేదు గానీ, అందులోకి చేరే పేడా నీళ్లూ మారిపోయాయి.

నా తెలివితక్కువ పని కూడా చెప్పుకోవాలి. పశువైద్యుడిగా ఊరందరికీ సలహాలిచ్చినవాణ్ని, మా ఇంట్లో పెంట పైకి కనబడకూడదని 5 అడుగుల గొయ్యి తవ్వించాను. మాదీ ఇసుక నేలే. అక్టోబరు వానలకి గోతిలో నీళ్లు కింది నుంచి ఊరాయి. పేడ తేలుతోంది. అప్పటికి గానీ బుర్రకెక్కలేదు, నేను తవ్వించింది బావిలోకి దారని. మీరు గొయ్యి జోలికి పోకండి.

బావికి కనీసం 50 అడుగుల దూరంలో, పల్లం వైపు మెరక కట్టి సిమెంటు పరిపించండి. చుట్టూ జానెడు గట్టు, పైన తాటాకు పందిరో టార్పాలినో ఉండాలి. కొట్టం చూరు నీళ్లు కుప్ప వైపు రాకుండా ఇంకో పక్కకి మళ్లించండి. ఖర్చు లేని పని ఇంకోటుంది: పొద్దున్నే పేడని పొడిగానే పారతో తట్టకెత్తి, తర్వాతే కడగండి. కడిగిన నీళ్లూ, మూత్రమూ కాలువ ద్వారా సిమెంటు తొట్టిలో పడితే పశుగ్రాసానికి పారించుకోవచ్చు. నేలలో నైట్రేటుగా మారేది నత్రజనే. గేదె విసర్జించే నత్రజనిలో సగం దాకా మూత్రంలోనే ఉంటుంది. దాన్ని బావిలోకి వదిలి యూరియా బస్తాలు కొంటున్నాం!

గోబర్ గ్యాస్ మంచిదే. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకి రోజుకి 50 కిలోల పేడ కావాలి, మీకు ఢోకా లేదు. కానీ గ్యాసు పోయినా నత్రజని స్లర్రీలోనే, అంటే ప్లాంటు నుంచి బయటికొచ్చే పలచటి పేడలోనే, మిగులుతుంది. అది మళ్లీ బావి పక్కనే పారితే డబ్బు దండగ. స్లర్రీని నిలవ చేసుకోవడానికి గట్టి తొట్టి కట్టించండి. వాన ముంచుకొస్తుంటే పొలానికి తోలకండి.

క్రిములున్నాయని తేలితే బావిలో ఉన్న ప్రతి వెయ్యి లీటర్ల నీటికి రెండున్నర గ్రాముల చొప్పున బ్లీచింగ్ పౌడరు బకెట్ నీళ్లలో కలిపి, పైన తేరిన నీటిని సాయంత్రం బావిలో పోసి గంటసేపు ఆగండి. నైట్రేటు దీనికీ లొంగదు. కుప్ప తీసేసినా అది తగ్గడానికి కాలం పడుతుంది. ఒక వానాకాలం గడిచాక మళ్లీ పరీక్ష చేయించండి. పాత కుప్ప కింద నల్లబడ్డ ఇసుకని కూడా తవ్వి తీయించి, బావికి దూరంగా ఉన్న కొబ్బరి పాదుల్లో పలచగా వేయించండి.