మూడో తరగతి పాప 408 కన్నా 395 పెద్దదంటోంది. స్థాన విలువ ఎలా నేర్పాలి?

మీ పాప అలా ఎందుకంటోందో నాకు తెలుసు. 395లో తొమ్మిది ఉంది, 408 మధ్యలో సున్నా ఉంది. తొమ్మిది ముందు సున్నా ఏపాటిది చెప్పండి! రెండేళ్ల కిందట మా చిన్నదీ అచ్చం ఇంతే. అందరిలాగే నేనూ ఒకట్లు, పదులు, వందలు అని గళ్లు గీసి అంకెలు వేయించాను. గళ్లలో ఒక్క తప్పు ఉండేది కాదు. ఏది పెద్దదే అంటే మాత్రం మళ్లీ మొదటికే. నాకు బీపీ పెరగడం తప్ప ఇంకేం జరగలేదు.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ఎకరం చిల్లర కొబ్బరి తోట, ఇంటి వెనక కొంత, కాలవ గట్టున కొంత. ఆ ఏడు సంక్రాంతి ముందు చెట్ల నుంచి కాయల దింపు తీయించాం. మా నాన్న కాలం నుంచీ కాయ లెక్కపెట్టే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. జతలుగా తీసి అవతల వేస్తూ లెక్క పాడతాడు. ఒకటి అనడు, "లాభం" అంటాడు. ఏడు దగ్గర "ఆరున్నొక్కటి" అంటాడు. "తాతా, నీకు ఏడు రాదా?" అని మా చిన్నది ఒకటే నవ్వు. "పంట కాడ ఏడవకూడదమ్మా" అన్నాడాయన. యాభై జతలైతే నూరు. నూరు నిండగానే గుర్తుకి ఒక కాయ అరుగు మీద పెడతాడు.

ఇంటి వెనక రాశికి అరుగు మీద రెండు గుర్తు కాయలు, కింద ఇంకా తొంభై ఆరు కాయల పోగు. కాలవ గట్టు రాశికి మూడు గుర్తు కాయలు, కింద పన్నెండు కాయలే. ఏ రాశి పెద్దదే అన్నాను. మా చిన్నది ఆలోచించకుండా తొంభై ఆరు కాయల పోగు చూపించింది. నేను నోరు తెరిచేలోగా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ అరుగు మీద కాయ ఒక్కటీ ఎన్ని కాయలమ్మా?"

"నూరు."

"ఆ కింద పోగు మొత్తం?"

"తొంభై ఆరు."

"మరి పోగంతా ఎత్తి పట్టుకొస్తే, అరుగు మీదకి ఇంకో కాయ ఎక్కుద్దా?"

అది పోగు వంక చూసింది, అరుగు వంక చూసింది. "ఎక్కదు. నాలుగు తక్కువ" అంది. అంతే, ఆ రోజు నుంచి నేను గళ్లు గీయలేదు.

ఎడమ నుంచి పోల్చండి అని అందరూ చెబుతారు, ఎందుకో చెప్పరు. కింద ఎన్ని మిగిలినా తొంభై తొమ్మిదే కదా, నూరు నిండితే పైకెక్కిపోతుంది. అందుకే వందల్లో ఎక్కువ ఉన్నది తేలిపోయాక మిగతా అంకెల వంక చూడక్కర్లేదు. మీ ఇంట్లో కొబ్బరి రాశి లేకపోతే చీపురు ఈనెలు చాలు. పదేసి కట్టండి, పది కట్టలు కలిపి ఒక మోపు. విడిగా పది ఈనెలు ఉండనివ్వకండి, పదోది రాగానే కట్టేయాలి. 408 అంటే నాలుగు మోపులు, ఎనిమిది విడి ఈనెలు. మధ్యలో కట్టలు లేవు, ఆ ఖాళీయే సున్నా.

ఇక <, > గుర్తుల్ని మొసలి నోరుగా చూపించే ఆ బొమ్మంటే నాకు ఒళ్లు మంట. పెద్ద సంఖ్య వైపు నోరు తెరుస్తుందట. ఏది పెద్దదో తెలియని పిల్లకి మొసలెందుకండీ? ఇంగ్లీషులో అంకెలు చెప్పించడం ఇంకోటి. మన పదమూడులో పది ముందే వినిపిస్తుంది, థర్టీన్‌లో మూడు ముందొస్తుంది. అలాగని మన తెలుగూ తక్కువ తినలేదు. నూట ఐదు రాయమంటే మా చిన్నది నూరు పక్కన ఐదు పెట్టి 1005 రాసేది!

పెద్ద సంఖ్యలకి మా ఇంట్లో గోదారే పాఠం. వరదంటే మా అమ్మకి 1986లో వచ్చిన 35 లక్షల క్యూసెక్కులే. 2022లో 25 లక్షలు దాటింది. ఆ 2కీ 3కీ మధ్య ఒక్క అంకే కదా అనుకుంటారు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షలకే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అంటే ఆ ఒక్క అంకెలో ఓ వరద మొత్తం ఉంది. ఇది చెప్పినప్పుడు మాత్రం చిన్నది నోరెళ్లబెట్టి వింది.

అంతా వచ్చేసింది అనుకోకండి. ఆ మొదటి హెచ్చరికకి నీటిమట్టం 11.75 అడుగులు. మొన్న టీవీలో 11.8 అని చూపిస్తుంటే, "ఇంకా హెచ్చరిక రాదు నాన్నా, ఎనిమిది కన్నా డెబ్బై ఐదు పెద్దది కదా" అంది. దశాంశాలకి గుర్తు కాయ ఎక్కడ పెట్టాలో ఆ పెద్దాయన్నే అడగాలి, ఈసారి దింపుకి వస్తాడుగా.