విక్స్‌బర్గ్, నాచెజ్ చాలు నాన్నా

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రయాణపు పట్టిక చూశాను. నాలుగు కుటుంబాలు, లోపలే పడక, వంట ఉండే పెద్ద బండ్లు, అంటే ఆర్వీలు మూడు, డాలస్ నుంచి బయలుదేరి ఆరు రోజుల్లో మెంఫిస్, విక్స్‌బర్గ్, నాచెజ్, బాటన్ రూజ్, న్యూ ఆర్లీన్స్. మొదటి ఊరూ చివరి రెండూ తీసేయి. ఆర్వీ అంటే ఇల్లు. ఇంటిని రోజూ కదిలిస్తే కరెంటు తీగ, నీళ్ళ గొట్టం, మురుగు గొట్టం తగిలించడం, విప్పడంతోనే పగలు గడిచిపోతుంది. మిసిసిపీ నది ఒడ్డు ఊళ్ళు నడిచి చూడవలసినవి. విక్స్‌బర్గ్‌లో రెండు రాత్రులు, నాచెజ్‌లో మూడు రాత్రులు ఉండండి.

వెంట ఒక మామూలు కారు తప్పకుండా ఉండాలి. రెండు ఊళ్ళూ ఎత్తైన మట్టి దిబ్బల మీద కట్టినవి. నాచెజ్‌లో నది దగ్గరకు దిగే సిల్వర్ స్ట్రీట్‌లోకి ఆర్వీని దించే ఆలోచన ఎవరికీ రానివ్వకు. బండి ఎత్తు ఎంతో కాగితం మీద రాసి స్టీరింగు ఎదురుగా అంటించండి. మా మొదటి ప్రయాణంలో నేనా పని చెయ్యలేదు. పెట్రోలు బంకు కప్పు తగిలి మా బండి పైనున్న ఏసీ పగిలింది. ఖర్చు సంగతి అటుంచి, లోపల పిల్లలు బెదిరి ఏడ్చిన ఏడుపు నేనింకా మరిచిపోలేదు.

ఒకరి వెనక ఒకరు వరసగా నడపకండి. ముందు బండిని వదలకూడదన్న తొందరలో వెనకవాడు సిగ్నలు చూడడు. చేరవలసిన చోటు చెప్పుకుని ఎవరి దారిన వారు రండి.

బస చేసే చోట ఆర్వీకి ఇచ్చే 30 ఆంపియర్ల కరెంటు కనెక్షన్ అంటే మొత్తం 3,600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. అన్నం ఒక బండిలో, కూర ఇంకో బండిలో వండుకోండి. పోపు మాత్రం బయటి పొయ్యి మీదే వెయ్యాలని మీ అత్తగారికి ముందే చెప్పు. లోపల వేస్తే పొగ అలారం మోగుతుంది.

విక్స్‌బర్గ్ అమెరికా అంతర్యుద్ధంలో 47 రోజుల ముట్టడి తరువాత 1863 జూలై 4న లొంగిపోయిన ఊరు. యుద్ధభూమి పార్కులో, 1862లో యాజూ నదిలో మునిగి వందేళ్ళ తరువాత పైకి తీసిన యుద్ధనౌక ఉంది, అక్కడ తొందరపడకండి. తరువాత పిల్లలను రేవుకు తీసుకెళ్ళు. 1876లో మిసిసిపీ దారి మార్చుకుని ఆ ఊరిని వదిలేసింది. ఇప్పుడు ఎదురుగా కనిపించేది కాలువ తవ్వి 1903లో మళ్ళించిన యాజూ నీరు. రాజమండ్రిలో పుట్టినవాడివి, గోదావరి ఊరిని వదిలి వెళితే ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పక్కరలేదు.

అక్కడి నుంచి పోర్ట్ గిబ్సన్ మీదుగా నాచెజ్ ట్రేస్ పార్క్‌వే అనే రోడ్డు ఎక్కండి. లారీలు రావు, వేగం గంటకు 50 మైళ్ళు దాటకూడదు. దారిలో బంకులు లేవు కనుక విక్స్‌బర్గ్‌లోనే నింపుకోండి.

నాచెజ్‌లో అందరూ తెల్ల స్తంభాల భవనాలు చూపిస్తారు. 1861లో యుద్ధం రాగానే పనివాళ్ళు వదిలిపోయిన ఎనిమిది పలకల లాంగ్‌వుడ్ భవనం నాకూ ఇష్టమే. కానీ ముందు ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్‌కు వెళ్ళండి. పత్తి తోటలకు మనుషులను అమ్మిన సంత అది. ఇప్పుడక్కడ గడ్డి, ఫలకాలు, సిమెంటులో పొదిగిన సంకెళ్ళు ఉన్నాయి. పది నిమిషాల్లో చూసేయవచ్చు, మీరు మాత్రం గంట ఉండండి. ఆ భవనాలు ఎవరి చెమటతో లేచాయో అక్కడ తెలుస్తుంది. తరువాత విలియం జాన్సన్ ఇల్లు. బానిసగా పుట్టి, స్వేచ్ఛ పొంది, క్షౌరశాలలు నడుపుతూ 1835 నుంచి 1851లో హత్యకు గురయ్యే దాకా డైరీ రాసిన నల్లజాతి మనిషి. ఆయనా బానిసలను ఉంచుకున్నాడు. ఆ మాట పిల్లల దగ్గర దాచకు.

బస మాత్రం వంతెన దాటి, లూసియానా వైపు వైడేలియాలో, నది ఒడ్డున తీసుకోండి. పొద్దున్నే నాచెజ్ దిబ్బ వెనక నుంచి సూర్యుడు లేస్తాడు, ఎదురుగా బార్జీలు వెళుతుంటాయి. వసంతంలో వెళితే వారం ముందు నాచెజ్ దగ్గర నీటిమట్టం చూసుకో. 48 అడుగులు వరద గుర్తు. దాని దరిదాపుల్లో ఉంటే ఒడ్డున బస రద్దు చేసి, దిబ్బ మీద చోటు చూసుకుని నాకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న